తెలుగు సమాజంలో పురుషత్వ ఆదర్శాలు

మగవాడంటే ఎలా ఉండాలి, ఏ పని చేయాలి, ఏ పనికి సిగ్గుపడాలి అనే విషయాల్లో ఒక సమాజం పెట్టుకున్న కొలతలనే పురుషత్వ ఆదర్శాలు అంటారు. ఇవి పుట్టుకతో వచ్చే దేహ లక్షణాలు కావు. కాలాన్ని, కులాన్ని, బతుకుతెరువును బట్టి మారుతూ వస్తాయి. ఒకే ఊళ్ళో, ఒకే రోజుల్లో కరణానికి ఒక కొలత, కాపుకు ఒకటి, పాలేరుకు మరొకటి ఉండేవి. ఆస్ట్రేలియా సామాజిక శాస్త్రవేత్త ఆర్. డబ్ల్యు. కానెల్ ‘మాస్క్యులినిటీస్’ (1995) గ్రంథంలో ప్రతి సమాజంలోనూ పురుషత్వాలు పలు రకాలుగా ఉంటాయనీ, వాటిలో ఒకటి పైచేయి సాధించి మిగతావాటిని చిన్నబుచ్చుతుందనీ వివరించారు. తెలుగు దేశపు చరిత్ర ఈ మాటకు చక్కటి ఉదాహరణ. ఇక్కడ మగతనం ఎప్పుడూ నలుగురి ఎదుట రుజువు చేసుకోవలసిన విషయమే. తెలుగునాట ‘పెద్దలనాటి పద్ధతి’ పేరుతో ప్రతి తరమూ గౌరవించింది కూడా, పాతవాటిలోంచి ఆ తరం తన అవసరం కొద్దీ ఏరుకున్నదే.

వీరుడు, గృహస్థు, రసికుడు

వీరుడి ఆదర్శానికి తెలుగులో అతి పెద్ద ఆధారం 12వ శతాబ్ది చివర జరిగిన పల్నాటి యుద్ధ కథ. శ్రీనాథుడి రచనగా చెప్పే ద్విపద కావ్యం ‘పల్నాటి వీరచరిత్ర’ కంటే ముందు నుంచే ఈ కథ పాటగాళ్ళ నోట బతికింది. కారంపూడిలో ఇప్పటికీ ఏటా కార్తీక మాసంలో వీరుల ఆరాధన జరుగుతుంది. కథానాయకుడు బాలచంద్రుడు యుద్ధానికి ముందు తల్లి ఐతాంబ దగ్గర, భార్య మాంచాల దగ్గర సెలవు తీసుకునే ఘట్టం వింటే ఆనాటి కొలత తెలుస్తుంది. అంతవరకు వేశ్య ఇంట గడిపి, కట్టుకున్నదాని ముఖం చూడని భర్తను మాంచాలే యుద్ధానికి సాగనంపుతుంది. అంటే అతని వీరత్వానికి తుది ముద్ర వేసేది ఆడవాళ్ళే. ఇదే కథలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి చాపకూడు పెట్టిస్తాడు. మాలవాడైన కన్నమదాసు అతని సేనాని. మధ్యయుగపు వీరత్వం కులం గీతలను కనీసం యుద్ధభూమిలోనైనా చెరిపిందనే జ్ఞాపకం ఇది. తరవాతి కాలంలో ఈ కథను కులగర్వానికి వాడుకున్నవారు ఈ భాగాన్ని తేలిగ్గా దాటేశారు.

వీరత్వానికి చీకటి కోణం బొబ్బిలి యుద్ధంలో కనిపిస్తుంది. 1757 జనవరి 24న ఫ్రెంచి ఫిరంగుల ముందు కోట నిలవదని తేలాక, లోపలి మగవాళ్ళు తమ ఆడవాళ్ళనూ పిల్లలనూ తమ చేతులతోనే చంపి బయటికి వచ్చి పోరాడి చనిపోయారు. మగవాడి పరువు ఆడదాని దేహంలో ఉందన్న నమ్మకం ఎంతదాకా పోగలదో ఈ ఘటన చూపిస్తుంది. బుర్రకథలు బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి ప్రతీకారాన్ని ఎంత ఉద్రేకంగా చెప్పాయో, ఆ కోట లోపలి చావులను కూడా అంతే ఘనంగా చెప్పాయి.

కావ్య సాహిత్యంలోని ఆదర్శం దీనికి చాలా దూరం. 16వ శతాబ్ది మొదట్లో అల్లసాని పెద్దన రాసిన ‘మనుచరిత్ర’లో ప్రవరుడు కత్తి పట్టడు. ఒక సిద్ధుడిచ్చిన పాదలేపంతో హిమాలయాలకు వెళ్ళి, లేపం కరిగిపోయి చిక్కుకుంటాడు. వరూధిని వలచి వస్తే కాదని, ఇంటికి చేరే దారి కోసం అగ్నిదేవుణ్ణి వేడుకుంటాడు. అతని మగతనం నిగ్రహంలోనూ నిత్యకర్మలోనూ ఉంది. పెద్దనలాగే శ్రీకృష్ణదేవరాయల ఆస్థానానికి చెందిన నంది తిమ్మన ‘పారిజాతాపహరణము’లో సాక్షాత్తు శ్రీకృష్ణుడు అలిగిన సత్యభామ కాలి తాపు తల మీద తిని, కోపగించుకోకుండా ఆమె పాదాన్ని గురించే బెంగపడతాడు. తంజావూరు నాయకుల కాలానికి భోగమే రాజ లక్షణమైంది. ఆ యుగం మీద 1992లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి రాసిన పుస్తకం ఈ మార్పును వివరంగా చర్చించింది. సంప్రదాయ పురుషుడంటే మీసం మెలేసే వీరుడు ఒక్కడే అనుకునేవారికి ప్రవరుడూ, తన్ను తిన్న కృష్ణుడూ ఇద్దరూ అడ్డొస్తారు.

రంగస్థలం ఇంకో దారి చూపింది. కూచిపూడి అగ్రహారంలో పుట్టిన ప్రతి బ్రాహ్మణ పురుషుడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్నది సిద్ధేంద్రయోగి పేర వచ్చిన కట్టుబాటు. వేదాంతం సత్యనారాయణ శర్మ భామ వేషం ఆ పరంపరకు శిఖరం. నాటక రంగంలో స్థానం నరసింహారావు స్త్రీ పాత్రలతోనే కీర్తి గడించి 1956లో పద్మశ్రీ అందుకున్నారు. స్త్రీ వేషం కట్టడం వారి గౌరవాన్ని తగ్గించలేదు. మద్రాసులో వెంపటి చినసత్యం అకాడమీ ద్వారా అమ్మాయిలు పెద్ద సంఖ్యలో కూచిపూడి నేర్చుకున్న తరవాతే, వేషం కట్టే మగవాణ్ణి వింతగా చూడడం మొదలైంది. హర్షిత మృతింటి కామత్ 2019లో ప్రచురించిన అధ్యయనం ఈ వేషాలకూ అగ్రహారపు పురుషత్వానికీ ఉన్న ముడిని పరిశీలించింది.

వలస పాలన, సంస్కరణ

19వ శతాబ్దిలో ఆంగ్లేయులు భారతీయులను ‘యుద్ధ జాతులు’, ‘పిరికి జాతులు’ అని విడగొట్టారు. ఒకప్పుడు మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు పెద్ద సంఖ్యలో ఉండేవారు. 1881 నుంచి 1885 దాకా ఆ సైన్యానికి అధిపతిగా పనిచేసిన రాబర్ట్స్ వంటివారు దక్షిణాదివారు యుద్ధానికి పనికిరారని తేల్చేయడంతో, ఆ శతాబ్ది చివరి దశకాల్లో తెలుగువారి భర్తీ బాగా తగ్గిపోయింది. ఈ చిన్నచూపుకు ఎదురుగా దేహదారుఢ్య ఉద్యమం ఊపందుకుంది. శ్రీకాకుళం ప్రాంతంలోని వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన కోడి రామ్మూర్తి నాయుడు సర్కస్ పెట్టి, ఛాతీకి బిగించిన గొలుసులను ఊపిరి పూరించి తెంచి, గుండెల మీద ఏనుగును ఎక్కించుకుని ‘కలియుగ భీముడు’ అనిపించుకున్నారు. ఆయన ప్రదర్శనలకు జనం విరగబడి రావడంలో వినోదం కంటే ఎక్కువే ఉంది. బలహీనులనిపించుకున్న ప్రజలకు ఆ ఛాతీ ఒక జవాబు.

ఇంగ్లీషు చదువు మరో రకపు మగవాణ్ణి తయారు చేసింది. ‘ఉద్యోగం పురుష లక్షణం’ అనే మాటకు సర్కారు కొలువు అనే అర్థం స్థిరపడింది. పట్టా ఉన్న వరుడు అరుదు కాబట్టి అతనికి ధర పలికింది. ఆడపిల్లకు డబ్బిచ్చి తెచ్చుకునే కన్యాశుల్కం ఉన్న కులాల్లోనే రెండు మూడు తరాలు తిరక్కుండా వరకట్నం పాతుకుపోయింది. పెళ్ళి సంతలో మగవాడి విలువను అతని జీతంతో కొలిచే అలవాటు అప్పటిది. తరవాత దాన్నే అనాది ఆచారంగా చెప్పుకున్నారు.

సంస్కర్తలు మగవాడి ఇంటి నడవడిని ప్రశ్నించారు. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరు వెలివేసింది. వంటవాళ్ళు, నీళ్ళు తెచ్చేవాళ్ళు మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మే గోదావరి నుంచి నీళ్ళు మోసి, వంట చేసి పెళ్ళివారికి పెట్టింది. వీరేశలింగం ధైర్యాన్ని చెప్పేటప్పుడు ఆ కావడి బరువు ఎవరి భుజాన ఉందో కూడా చెప్పాలి. ఆయన వేశ్యా వ్యవస్థ మీద చేసిన పోరాటం గౌరవనీయుడైన మగవాడికి కొత్త నిర్వచనం ఇచ్చింది. అంతకుముందు భోగం మేళం పెట్టించడం హోదా. ఇప్పుడది తలవంపు.

గురజాడ అప్పారావు ఈ మార్పును నాటకంగా చూపించారు. 1892లో మొదట ప్రదర్శించి, 1909లో తిరగరాసిన ‘కన్యాశుల్కం’లో పాత పురుషులు అగ్నిహోత్రావధాన్లు, లుబ్ధావధాన్లు డబ్బు కోసమో సుఖం కోసమో చిన్న పిల్లల బతుకులు తాకట్టు పెడతారు. కొత్త పురుషుడు గిరీశం సంస్కరణను వల్లిస్తూనే వితంతువు బుచ్చమ్మను మోసగిస్తాడు. పాతా కొత్తా ఇద్దరినీ తూచే తెలివి ఆ నాటకంలో వేశ్య మధురవాణికే ఉంది. 1910లో వచ్చిన గురజాడ కథ ‘దిద్దుబాటు’ మరీ దగ్గరగా చూపిస్తుంది. గోపాలరావు రాత్రి ఒంటిగంటకు సానిదాని ఇంటి నుంచి వస్తాడు. తలుపు మెల్లగా తోస్తాడు. ఇంట్లో భార్య కమలిని ఉండదు. బల్ల మీద ఉత్తరం ఉంటుంది. నౌకరు రాముడి మీద చెయ్యి చేసుకుంటాడు, ఆ వెంటనే తన తప్పు తలుచుకుని కుమిలిపోతాడు. చివరకు మంచం కిందనుంచి భార్య నవ్వు, గాజుల చప్పుడు వినిపిస్తాయి. చదువుకున్న భార్య భర్తను దిద్దగలదన్న ఆలోచన తెలుగు కథలో ఇంత తేటగా అంతకుముందు కనబడదు.

జాతీయోద్యమం ఈ కొలతలను ఇంకోసారి తిప్పింది. చీరాల పేరాల పోరాటానికి నాయకత్వం వహించిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ‘రామదండు’ పేరుతో స్వచ్ఛంద దళాన్ని నడిపారు. 1922 నుంచి 1924 దాకా మన్యంలో పోరాడిన అల్లూరి సీతారామరాజు సన్యాసి వేషంలో ఆయుధం పట్టిన వీరుడు. అహింసా మార్గంలోనూ మగతనాన్ని చూపవచ్చని టంగుటూరి ప్రకాశం 1928 ఫిబ్రవరిలో మద్రాసులో నిరూపించారు. సైమన్ కమిషన్ వ్యతిరేక ప్రదర్శన రోజున తుపాకులు ఎక్కుపెట్టిన సిపాయిల ఎదుట చొక్కా తొలగించి ఛాతీ చూపారు. దెబ్బ కొట్టని ఆ ధైర్యానికే జనం ఆయన్ను ఆంధ్రకేసరిగా కొలిచారు.

నవల, ఉద్యమం

1920లు, 30లలో వాదం నవలల్లోకి ఎక్కింది. చలం ‘మైదానం’ (1927) భర్తను వదిలి వెళ్ళిన రాజేశ్వరి గొంతుతో నడుస్తుంది. మగవాడి యాజమాన్యం మీద అంత సూటిగా దెబ్బ వేసిన రచన అప్పటికి లేదు. దానికి పూర్తిగా ఎదురుగా విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ 1934 ప్రాంతంలో వెలువడింది. అందులో ధర్మారావు కూలిపోతున్న ఊరి వ్యవస్థను కన్నీళ్ళతో చూస్తాడు. ఈ నవలను ఛాందసమని పక్కన పెట్టేయడం పొరపాటు. బాధ్యత, గురుభక్తి, ఒకే ధర్మానికి కట్టుబడటం పోతే వాటి చోట ఏం వస్తుందన్న ప్రశ్న అందులో నిజాయితీగా ఉంది. అయితే ఆ ధర్మం ఎవరి చాకిరీ మీద నిలబడిందన్నది ఆ నవల అడగదు. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ ఈ ఇద్దరికీ భిన్నంగా తల్లి మీది నింద మోస్తూ, ప్రేమను అందుకోలేక తడబడే దయానిధిని చిత్రించింది. మగవాడి లోపలి భయం తెలుగు నవలకు విషయమైంది అక్కడే.

తెలంగాణలో కొలతలు వేరు. దొర ఎదుట చెప్పులు చేతపట్టుకుని నడవవలసిన వెట్టివాడికి, ఇంటి ఆడవాళ్ళను కాపాడుకునే దారి లేని పాలేరుకు వీరుడి ఆదర్శం ఎండమావి. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటం వాళ్ళ తల ఎత్తించింది. ‘నీ కాల్మొక్త దొరా’ అనడం మానేయడమే అక్కడ పౌరుషం. అయితే స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో ఆ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళు మరో బాధ చెప్పారు. దళాల్లో తుపాకీ పట్టినవాళ్ళను పోరాటం ఆగాక ఇంటికి, వంటకు పొమ్మన్నారు.

దళిత రచయితలు పెట్టిన ప్రశ్న మరింత కఠినం. అగ్రకులాల వీధిలో మీసం తిప్పినందుకో, చెప్పులు వేసుకున్నందుకో దెబ్బలు తిన్న చరిత్ర ఉన్నచోట, మీసం మగతనానికి గుర్తన్న మాట కులం గుర్తు కూడా అవుతుంది. 1985లో కారంచేడు, 1991లో చుండూరు ఊచకోతలు ఈ సంగతిని రక్తంతో రాశాయి. కంచ ఐలయ్య 1996 నాటి ప్రసిద్ధ గ్రంథంలో దళిత బహుజన ఇళ్ళలో ఆడా మగా కలిసి పొలం పని చేయడం వల్ల భార్యాభర్తల మధ్య దూరం అగ్రకులాల్లో ఉన్నంత ఉండదని వాదించారు. ఈ వాదాన్ని దళిత స్త్రీల రచనలు పూర్తిగా ఒప్పుకోలేదు. ఇంటి లోపలి హింస వారికీ తెలిసిందే.

వెండితెర మీద

1953లో వచ్చిన ‘దేవదాసు’లో అక్కినేని నాగేశ్వరరావు తాగి, ఏడ్చి, చనిపోయి తరాలకు నచ్చాడు. ఏడ్చే మగవాణ్ణి తెలుగు ప్రేక్షకులు అక్కున చేర్చుకున్న రోజులవి. ‘మాయాబజార్’ (1957)లో కృష్ణుడైన నందమూరి తారక రామారావు ‘లవకుశ’ (1963)లో రాముడయ్యారు. ఏకపత్నీవ్రతుడైన రాముడు, లోకనిందకు వెరచి భార్యను అడవికి పంపిన రాముడు ఒకే దేహంలో పూజలందుకున్నారు. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ పెట్టినప్పుడు ఆయన తెలుగువారి ఆత్మగౌరవాన్ని నినాదం చేసుకున్నారు, ఆడవాళ్ళను ఆడపడుచులన్నారు. అన్న పాత్ర నిజంగానే కొన్ని మేళ్ళు చేసింది. 1983లో తిరుపతిలో మహిళా విశ్వవిద్యాలయం వచ్చింది. 1985 నాటి సవరణతో ఉమ్మడి కుటుంబ ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమాన వాటా దక్కింది. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా ఆగవలసి వచ్చింది. కాపాడే పెద్దన్న తరహా పురుషత్వం ఆడవాళ్ళకు ఆస్తి ఇచ్చింది, కానీ తన పెద్దరికాన్ని వదులుకోలేదు.

1990ల సినిమాలు ఈ పెద్దరికాన్ని గట్టిగా బిగించాయి. 1992 నాటి ‘ఘరానా మొగుడు’లో కార్మికుడైన కథానాయకుడు డబ్బున్న భార్య పొగరు అణుస్తాడు. పెద్దింటి మీద కార్మికుడి గెలుపు, ఆడదాని మీద మగవాడి గెలుపు ఆ కథలో విడదీయలేనంతగా కలిసిపోయాయి. 1995లో ‘పెదరాయుడు’ తమిళ ‘నాట్టామై’ నుంచి వచ్చి, ఊరికి తీర్పులు చెప్పే కుటుంబ పెద్దను దేవుడిలా నిలబెట్టింది. ‘సమరసింహారెడ్డి’ (1999) తరవాత తొడ కొట్టడం, మీసం మెలేయడం, సుమోలు గాల్లోకి లేవడం ఒక శైలిగా మారాయి. ఈ సినిమాలు నేపథ్యంగా తీసుకున్న రాయలసీమ ముఠా కక్షలకు కారణం భూమి, కాంట్రాక్టులు, రాజకీయ పదవులు. ఆ కక్షల్లో నిజంగా మిగిలినవి భర్తల్ని పోగొట్టుకున్న ఇళ్ళు. తెర మాత్రం వాటిని వంశ పౌరుషంగా చూపింది. సీమ జనం ఈ చిత్రణను చాలాకాలంగా తప్పుపడుతూనే ఉన్నారు.

సంప్రదాయం వైపు మొగ్గు అంతా కత్తుల దారి పట్టలేదు. 1980 నాటి ‘శంకరాభరణం’ మీసం లేని సంగీత విద్వాంసుణ్ణి నాయకుడిగా నిలిపి తెలుగునాట ఇంటింటా చోటు సంపాదించింది. 2017లో ‘అర్జున్ రెడ్డి’ కోపం, మత్తు, పట్టుదల కలిసిన ప్రేమికుణ్ణి తెచ్చి యువతను రెండుగా చీల్చింది. మరుసటి ఏడాది వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’లో పెళ్ళి కాక నలభై దాటిన ఆఫీసు అటెండరు ఊరంతా నవ్వుతున్నా నెమ్మదిగా తన బతుకు తను బతుకుతాడు. ఆ పాత్రలో బలప్రదర్శన లేదు. దయ ఉంది.

సారా వ్యతిరేక ఉద్యమం

పురుషత్వపు కొలతలను ఆడవాళ్ళు సామూహికంగా తిరస్కరించిన అతి పెద్ద ఘట్టం నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి మొదలైంది. అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రి బడికి వచ్చిన కూలి ఆడవాళ్ళు 1992లో సారా దుకాణాన్ని మూయించారు. ఆ కథ వాచకంలో పాఠమై ఇతర గ్రామాలకు పాకింది. మగవాడన్నాక తాగకుండా ఉంటాడా అన్న మాటకు వారి సమాధానం సూటిగా ఉంది. కూలి డబ్బు పిల్లల కంచంలోకి రావాలి. కొన్ని ఊళ్ళలో తాగి వచ్చినవాడి తల గొరిగించారు, వంట మానేశారు. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఎత్తేశారు. ఖజానాకు మద్యం ఆదాయం వదులుకోవడం ఏ ప్రభుత్వానికీ ఇష్టం లేకపోయింది. ఈ ఉద్యమం సంప్రదాయాన్ని ధిక్కరించిందనే దానికంటే, ఇల్లు నడిపే బాధ్యత గల భర్త అనే పాత ఆదర్శాన్నే మగవాళ్ళకు గుర్తు చేసిందనడం నిజానికి దగ్గర. అందుకే అది పల్లెల్లో అంత వేగంగా వ్యాపించింది.

సంప్రదాయ విలువల ఆకర్షణ

1990ల తరవాత పాత విలువల వైపు మొగ్గు పెరగడానికి తగిన కారణాలున్నాయి. వాటిలో ముఖ్యమైనది బతుకుతెరువు. 1997-98లో వరంగల్ ప్రాంతపు పత్తి రైతుల ఆత్మహత్యల నుంచి వ్యవసాయం మగవాడికి గౌరవం ఇచ్చే స్థితి పోయింది. పదెకరాలున్నా ఊళ్ళో ఉంటే పిల్లనివ్వరన్న మాట కోస్తాలోనూ తెలంగాణలోనూ పెళ్ళిళ్ళ పేరయ్యల నోట రోజూ వినబడేదే. హైదరాబాదులోనో, విదేశంలోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కొత్త కొలత అయింది. షియాంగ్ బియావ్ 2007లో ప్రచురించిన పరిశోధన ఆంధ్ర కంప్యూటర్ ఉద్యోగుల వలసకూ కట్నానికీ ఉన్న లంకెను బయటపెట్టింది. వరుడి విదేశీ అవకాశం కట్నాన్ని పెంచితే, ఆ కట్నమే మరికొందరి చదువుకూ ప్రయాణానికీ పెట్టుబడి అయింది. ఈ పరుగులో వెనకబడ్డవాడికి జీతంతో పనిలేని గౌరవం కావాలి. సంప్రదాయం అది ఇస్తానంటుంది.

అయ్యప్ప దీక్ష దీనికి మంచి ఉదాహరణ. నలభై ఒక్క రోజుల మండల దీక్షలో మాల వేసుకున్నవాడు నల్ల బట్టలు కడతాడు, చెప్పులు వదిలేస్తాడు, నేల మీద పడుకుంటాడు, తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం చేస్తాడు, మందూ మాంసమూ ముట్టడు, బ్రహ్మచర్యం పాటిస్తాడు. ఆటో తోలేవాడూ, బ్యాంకు మేనేజరూ ఒకరినొకరు ‘స్వామీ’ అని పిలుచుకుంటారు. మొదటిసారి వెళ్ళేవాడు కన్నెస్వామి, ఏళ్ళ తరబడి వెళ్ళినవాడు గురుస్వామి. ఇంత క్రమశిక్షణ, ఇంత సమానత్వం మగవాళ్ళకు వేరే చోట దొరకడం కష్టం. తాగుడు మాన్పించడానికి మాల వేయించే తల్లులు, భార్యలు ఎందరో. కేరళలో ఫిలిప్పో, కారొలైన్ ఒసెల్లా దంపతులు ఈ యాత్రను మగవాళ్ళ బంధాలకూ ఎదుగుదలకూ ముడిపెట్టి పరిశీలించారు. తెలుగు ఊళ్ళలోనూ ఆ లక్షణాలు కనిపిస్తాయి. అయితే స్వామి నాలుగింటికి లేస్తే ఆ ఇంటి ఇల్లాలు మూడున్నరకే లేచి వంటిల్లు కడిగి, మడిగా వండి, భిక్షకు వచ్చే పదిమంది స్వాములకు వడ్డించాలి. నెలసరి రోజుల్లో ఆమె పుట్టింటికో పక్కింటికో వెళ్ళాలి. నిగ్రహం అతని పేరున ఉంటుంది, దాని పని ఆమె చేతుల్లో ఉంటుంది.

ప్రవచనాలది మరో దారి. చాగంటి కోటేశ్వరరావు, గరికపాటి నరసింహారావు వంటి వక్తలు టీవీ, యూట్యూబుల ద్వారా ఇంటింటికీ చేరారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చాగంటిని విద్యార్థుల నైతిక విలువల సలహాదారుగా నియమించింది. ఈ ఉపన్యాసాల్లో రాముడి పితృవాక్య పాలన, తల్లిదండ్రుల సేవ, కోపాన్ని అణచుకోవడం తరచూ వచ్చే విషయాలు. ఇటీవల పాశ్చాత్య దేశాల నుంచి వచ్చి సామాజిక మాధ్యమాల్లో తిరిగే ‘ఆల్ఫా’ మగవాడి బోధలతో పోలిస్తే ఇవి ఎంతో మృదువైనవి. ఆ బోధలు ఆడదాన్ని గెలవవలసిన వస్తువుగా చూస్తే, ప్రవచనకారుడు భార్యను గౌరవించమంటాడు. గౌరవానికీ సమానత్వానికీ మధ్య ఖాళీ మాత్రం అలాగే ఉండిపోతుంది.

వేడుకల్లోనూ ఇది కనిపిస్తుంది. అబ్బాయికి పదేళ్ళు దాటాక పంచె కట్టించి చేసే పంచెల ఫంక్షన్ ఇప్పుడు పల్లెల్లోనే కాక అమెరికాలోని తెలుగు కుటుంబాల్లోనూ హాలు మాట్లాడి ఘనంగా చేస్తారు. మేనమామ తెచ్చిన పట్టుపంచె జారిపోకుండా బెల్టు పెట్టుకుని, అక్షింతల కింద తల వంచి నిలబడిన కుర్రాడికి ఆ పూట తన జాతి, తన వంశం, తన మగతనం ఒకేసారి అప్పగిస్తారు. ఉపనయనం లేని కులాలకు ఈ వేడుక ఒక హోదా. ప్రవాస కుటుంబాలకు పిల్లవాడు తమ చేయి జారిపోలేదన్న ఊరట.

ఈ ఆకర్షణ మగవాళ్ళకే పరిమితం అనుకోవడం తప్పు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఏదో ఒక కారణంతో భర్త భార్యను కొట్టడం సమంజసమేనని చెప్పిన స్త్రీలు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం. పెద్ద రాష్ట్రాల్లో అతి ఎక్కువైన అంకెలు ఇవే. దూబగుంట జరిగిన నేల మీద ఈ అంకె చూస్తే గుండె కలుక్కుమంటుంది. అత్తింటిలో కోడలు చిన్నగా ఉండాలన్న నీతిని తల్లులే కూతుళ్ళకు నేర్పి పంపుతారు. భర్త నీడ పోతే బతకలేమన్న భయం ఎంత లోతుగా ఉందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

పరువు మీది మోజు ప్రాణాల దాకా వెళ్ళిన సందర్భాలూ ఉన్నాయి. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న దళిత యువకుణ్ణి, గర్భిణి అయిన భార్య పక్కన ఉండగానే పట్టపగలు నరికి చంపారు. 2025 మార్చిలో కోర్టు ఒకరికి ఉరిశిక్ష, మిగిలిన ముద్దాయిలకు యావజ్జీవ శిక్ష విధించింది. కూతురు తన ఇష్టప్రకారం పెళ్ళి చేసుకుంటే తండ్రి మగతనానికి దెబ్బ తగిలినట్టే భావించే లెక్క బొబ్బిలి కోట నాటిది. దాన్ని సంప్రదాయ విలువ అనడానికి ఏ మర్యాదా ఒప్పుకోదు.

ఇల్లు, చట్టం, దేహం

చట్టాలు నడవడిని కొంత కట్టడి చేశాయి. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. భార్యపై క్రూరత్వాన్ని శిక్షించే 498ఎ సెక్షన్ 1983లో, గృహహింస నిరోధక చట్టం 2005లో వచ్చాయి. 498ఎ దుర్వినియోగం అవుతోందని మగవాళ్ళ సంఘాలు వాదిస్తూ వచ్చాయి. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు యాంత్రికంగా అరెస్టులు చేయరాదని ఆదేశించింది. కట్నం మాత్రం బంగారం, కారు, చదువు ఖర్చు వంటి రూపాల్లో బహిరంగంగానే నడుస్తోంది.

దేహం విషయంలో మగవాడి భయం చెక్కుచెదరలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలలో దాదాపు 70 శాతం కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నారు. మగవాళ్ళ వాటా ఒక శాతానికి లోపే. వేసెక్టమీ సులువైనదీ, ప్రమాదం తక్కువైనదీ అని వైద్యులు ఎంత చెప్పినా, బరువు ఎత్తలేమన్న, మగసిరి పోతుందన్న అపోహ తొలగలేదు. ఆ భయానికి మూల్యం ఆడవాళ్ళ పొట్ట మీది కోత.

మగవాళ్ళు చెల్లించే మూల్యం వేరు. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న 1,70,924 మందిలో 71 శాతానికి పైగా పురుషులే. కుటుంబ సమస్యలు, జబ్బులు, అప్పులు, మత్తు పదార్థాలు నమోదైన ప్రధాన కారణాలు. అప్పు పుట్టనివాడు, పంట పోయినవాడు, ఉద్యోగం ఊడినవాడు ఆ సంగతి భార్యకు కూడా చెప్పుకోలేకపోవడం వీటిలో చాలా చావుల వెనక ఉంది. ‘ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా’ అని చిన్నప్పుడు అన్నవాళ్ళెవరికీ ఇంత దూరం వస్తుందన్న ఊహ ఉండదు.

ఇంటిపనిలో మార్పు నెమ్మదిగా వస్తోంది. 2019 కాల వినియోగ సర్వేలో ఒక రోజులో ఇంటిపని చేసినట్టు చెప్పిన స్త్రీలు 81.2 శాతం, పురుషులు 26.1 శాతం. పని చేసినవారిలో ఆడవాళ్ళు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చించారు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే నగర కుటుంబాల్లో, ముఖ్యంగా పనిమనిషి దొరకని విదేశాల్లో, వంట చేయడం, పిల్లలకు నీళ్ళు పోయడం తెలుగు మగవాళ్ళకు మామూలైంది. అదే మనిషి సెలవుకు సొంత ఊరికి వస్తే తల్లి అతన్ని వంటింట్లోకి రానివ్వదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు పితృత్వ సెలవు 15 రోజులు ఉంది. ప్రైవేటు రంగంలో తండ్రులకు అలాంటి హక్కు కల్పించే కేంద్ర చట్టం ఇంకా రాలేదు.